మైకు ప్రకాశం చెప్పిన ఒక్క నిజం

వాన పడుతోందని జ్ఞానప్రకాశం చెబితే ఆనందకుమారి కిటికీ తీసి చూస్తుంది. చూసి ఊరుకోదు. పక్కింటి మిద్దె వైపు మెడ చాచి, "నాగులమ్మక్కా, వాన పడతా ఉందా?" అని అడుగుతుంది. అవతలి నుంచి "పడతా ఉందమ్మా, బట్టలు తీసుకో" అని వినిపించాకే దండెం దగ్గరికి పరిగెడుతుంది. ఈలోగా బట్టలు తడిస్తే తడిశాయి. మొగుడి మాటకు రెండు సాక్ష్యాలు కావాలన్నది ఆవిడ నియమం. ఒకటి తన కన్ను, రెండోది ఇంకొకరి నోరు. నలభై మూడేళ్లుగా ఆ ఇంట్లో అదే చట్టం.

ఆవిడను తప్పు పట్టడానికి లేదు. ప్రకాశాన్ని అబద్ధాలకోరు అంటే నిజమైన అబద్ధాలకోరులు నొచ్చుకుంటారు. వాళ్లు ఏదో లాభం చూసుకుని చెబుతారు. ఇతను ఊరికే, నోటి దురద కొద్దీ చెబుతాడు. పైగా నాయుడుపేటలో అతనికి మైకు సెట్టు ఉంది. పెళ్లికి, చావుకి, సువార్త కూటానికి, ఎన్నికలకు, ఎవరు పిలిస్తే వాళ్లకు లౌడుస్పీకరు గొట్టాలు కడతాడు. ఆటోలో కూర్చుని ఊరంతా చాటుతాడు. అలాంటి మనిషి చేతికి మైకు దొరకడం ఊరి గ్రహపాటు.

ఒకసారి ఒక పెళ్లిలో, ముహూర్తానికి పది నిమిషాల ముందు, "పెళ్లికొడుకు కనిపించడం లేదు" అని గట్టిగా చాటి, మైకు ఆపేసి, టీ తాగడానికి పోయాడు. పందిరంతా గగ్గోలు. ఆడపెళ్లివారి వైపు ఏడుపులు, మగపెళ్లివారి వైపు వెతుకులాటలు. తీరిగ్గా టీ తాగి వచ్చి, మూతి తుడుచుకుని, "అని ఎవరూ కంగారు పడవద్దు, స్నానం చేస్తున్నాడు" అని మిగతా సగం చెప్పాడు. ఇంకోసారి గిరిబాబు నెట్ సెంటర్‌లో "జిల్లా ఉత్తమ గేదె" అని రంగుల కాగితం అచ్చు వేయించి నాగులమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ నమ్మి, పటం కట్టించి, దేవుడి పటాల పక్కన తగిలించింది. సంగతి తెలిశాక కూడా తీయలేదు. కాగితం దొంగదైనా గేదె మంచిదే కదా అంటుంది.

చర్చిలో చేసిన పని మాత్రం శ్రుతి మించింది. సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, తనకు ఎన్నడూ రాని జబ్బు నయమైన వైనం పావుగంట సేపు చెప్పాడు. సగం మంది కొంగులు తడిశాయి. ఏ ఆసుపత్రిలో చూపించావని పాస్టరు అయ్యగారు అడిగేసరికి నీళ్లు నమిలాడు. ఆ వారమే కమిటీ తీర్మానం చేసింది. చర్చిలో మైకు కట్టేది ప్రకాశమే గానీ, మైకులో మాట్లాడే హక్కు ప్రకాశానికి లేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తీగలు కలిపి, వేలితో రెండుసార్లు తట్టి, "హలో చెక్" అని కూడా అనకుండా వెనక్కి వచ్చేస్తాడు. ఆ రెండు మాటలు గొంతులో అడ్డం పడి ఎంత బాధపడతాడో చూసినవాళ్లకే తెలుసు.

ఇన్ని కొంటె పనుల్లో ఊరు మరచిపోయినవి చాలా ఉన్నాయి. ఆనందకుమారి మరచిపోనిది ఒక్కటి ఉంది. అది పెళ్లిచూపుల నాటిది.

ఆవిడది కోవూరు. మిషను బడిలో సైన్సు టీచరు. ఆకాశంలో ఏది కదిలినా పిల్లలందరినీ బయటికి తీసుకొచ్చి చూపించే రకం. ఆవిడ తండ్రి, "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగితే ప్రకాశం తడుముకోకుండా, "శ్రీహరికోటలోనండీ" అన్నాడు. ముందురోజే అక్కడి క్వార్టర్స్‌లో ఒక పెళ్లికి మైకు కట్టి వచ్చాడు మరి. ఆనందకుమారి తలుపు చాటున ఆ మాట విని, అక్కడికక్కడే మనసులో సరే అనేసుకుంది. మొగుణ్ని అడుగుదామని ఒక నోటు పుస్తకంలో రాకెట్ల గురించి పదకొండు ప్రశ్నలు వరసగా రాసుకుని, పెట్టెలో చీరల అడుగున పెట్టుకుని కాపురానికి వచ్చింది.

మూడో రోజు మొదటి ప్రశ్న అడిగింది. ఇతను తొణక్కుండా, "రాకెట్టుకి నాలుగు గేర్లు ఉంటాయి. ఒకటి ఎనక్కి రావడానికి" అన్నాడు. ఆవిడ కాసేపు అతని మొహంలోకి చూసింది. తర్వాత పుస్తకం మూసి, పెట్టెలో పెట్టి, తాళం వేసింది. తిట్టలేదు, పుట్టింటికి పోతానని బెదిరించలేదు. ఆ తాళం చప్పుడు మాత్రం ప్రకాశానికి ఈ రోజుకీ వినిపిస్తుంది. ఒకసారి ఆవిడ ఇంట్లో లేనప్పుడు తాళం తీసి ఆ పుస్తకం చదివాడు. అన్నిటికన్నా కిందిది, పదకొండో ప్రశ్న: సూర్యుడి దగ్గరికి ఎంతవరకు పోవచ్చు?

ముప్పై ఏడేళ్ల తర్వాత, 2018 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, కరపత్రం అచ్చు వేయించడానికి గిరిబాబు నెట్ సెంటర్‌కి పోయినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు కంప్యూటర్ మీద కనపడింది. అమెరికా వాళ్లు సూర్యుడి దగ్గరికి పార్కర్ అనే యంత్రాన్ని పంపబోతున్నారు. మనిషి ఎక్కడు, యంత్రమే పోతుంది. ఎవరైనా తమ పేరు ఇస్తే చిన్న చిప్పులో ఎక్కించి దానితో పంపుతారు. రుసుము లేదు, ఆధార్ కార్డు అక్కర్లేదు.

"గిరీ, ఒక పేరు కొట్టు" అన్నాడు ప్రకాశం.

"నీదేనా అన్నా?"

"నాది ఎవడిక్కావాల. ఆనందకుమారి అని కొట్టు."

పేరు ఎక్కింది. ఎక్కినట్టు ఒక రంగుల టికెట్టు కూడా వచ్చింది. దాన్ని అచ్చు వేయించుకుని, చొక్కా లోపల దాచుకుని, కుర్రాడిలా ఎగురుకుంటూ ఇంటికి వచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "టీచరమ్మా, నిన్ను సూర్యుడి దగ్గరికి పంపిస్తా ఉండా" అన్నాడు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఆ కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. "నాగులమ్మక్క గేదెది కూడా ఇదే కాగితం గదండీ" అంది. అని కూర తిరగేయడానికి లోపలికి పోయింది. తన జీవితంలో మొదటిసారి ఒక నిజం చెప్పి, అది చెల్లకపోతే ఎలా ఉంటుందో ప్రకాశానికి ఆ పూట తెలిసింది. బాగా నొప్పి పుట్టింది.

సరే, పోయే రోజు వచ్చినప్పుడు నమ్ముతుందిలే అనుకున్నాడు. ఆగస్టు పన్నెండు, ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంటకు పోతుంది. ఆరాధన అయిపోయి అందరూ బయటికి వస్తుంటే చర్చి గుమ్మం దగ్గర నిలబడి, "ఇయ్యాల ఒంటిగంటకి మా ఆమె పేరు ఉండే రాకెట్టు పోతా ఉంది" అని చాటాడు.

నాయుడుపేట వాళ్లకు రాకెట్టు కొత్త కాదు. పోతోందని తెలిస్తే మిద్దె ఎక్కి శ్రీహరికోట వైపు చూస్తారు. ముందు నిప్పు, తర్వాత పొగ గీత, ఇంకాసేపటికి కిటికీలు దడదడ. అయిపోగానే దిగి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. మిద్దె మీద నుంచి కనపడేదే వాళ్ల లెక్కలో రాకెట్టు. ఎక్కడి నుంచి పోతోందని ఒక్కరూ అడగలేదు. ప్రకాశం చెబుదామనే నోరు తెరిచాడు గానీ, ముప్పై మంది ఆదివారం బట్టల్లో చెప్పులు చేత పట్టుకుని చర్చి మిద్దె మెట్ల వైపు పరిగెత్తే దృశ్యం చూసేసరికి పాత బుద్ధి ఆగలేదు. నోరు మూసుకుని తనూ ఎక్కాడు.

ఆగస్టు ఎండ. అరగంట నిలబడ్డారు. స్త్రీల సమాజం కార్యదర్శి ఫేబీ, బైబిలు నెత్తిన పెట్టుకుని నిలబడింది. నాగులమ్మ తన మిద్దె మీద నుంచి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఆనందకుమారి గొడుగు పట్టుకుంది, అందులో సగం మొగుడి మీదికి వచ్చేలా పట్టుకుంది. ఒంటిగంటన్నర అయింది. ఒక కాకి తప్ప ఏమీ పోలేదు. అప్పుడు చెప్పాడు మహానుభావుడు, "మన కోట నించి కాదులే, అమెరికా నించి పోయింది" అని.

ఇక చూడండి. "ఎండలో మాడ్చి ఇప్పుడు అమెరికా అంటాడా!" అని ఫేబీ మొదలుపెట్టింది. రాకెట్టు కనపడలేదు కాబట్టి రాకెట్టే లేదని, రాకెట్టే లేదు కాబట్టి పేరూ లేదని ఊరు తేల్చేసింది. ఆనందకుమారి మాత్రం ఒక్క మాట అనలేదు. పెదాలు బిగించి, గొడుగు మూసి, మెట్లు దిగిపోయింది. కోపం వచ్చిందనుకున్నాడు ప్రకాశం. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషికి ఏ రాకెట్టు ఎక్కడి నుంచి పోతుందో తెలియదా అని అప్పుడే ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది.

అయిదేళ్ల తర్వాత, 2023 సెప్టెంబరులో, మన ఆదిత్య శ్రీహరికోట నుంచి పోయింది. అందరూ మిద్దెలెక్కి కళ్లారా చూశారు. కిటికీలు దడదడలాడాయి. దానితో ప్రకాశం పని పూర్తిగా అయిపోయింది. "సూర్యుడి మీదికి పోయేది ఇదంట, పేపర్లో వేసినారు. మరి నువ్వు అయిదేళ్లకి ముందు పంపిందేంది?" అని టీ కొట్టు దగ్గర నిలదీశారు. ఇది దూరం నుంచి చూసేది, నాది దగ్గరికి పోయేది అని అతను గొంతు చించుకున్నాడు. ఎవరు వింటారు?

గిరిబాబు ఒక్కడైనా సాక్ష్యం చెబుతాడేమో అని అడిగితే, "గేదె కాగితం కూడా నా దగ్గరే అచ్చేసినావు గదన్నా, నా మాట ఎవరు నమ్ముతారు?" అని నవ్వేవాడు. అంతటితో ఆగక, "టీచరమ్మ బాగుండారా?" అని అడిగి ఇంకా ఎక్కువ నవ్వేవాడు. ఆ నవ్వు గేదె గురించే అనుకుని ప్రకాశం చిరాకు పడేవాడు.

అక్కడ యంత్రం దాని మానాన అది సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉంది. తిరిగిన కొద్దీ దగ్గరికి జరుగుతోంది. 2024 డిసెంబరు ఇరవై నాలుగు, మంగళవారం, మన గడియారంలో సాయంత్రం అయిదూ ఇరవై మూడుకు అన్నిటికంటే దగ్గరికి, అరవై ఒక్క లక్షల కిలోమీటర్ల దూరానికి పోతుందని ప్రకాశం నెట్ సెంటర్‌లో చదివాడు. మనిషి చేసిన వస్తువు ఏదీ అంత దగ్గరికి పోలేదట. పోయేటప్పుడు దానికీ మనకూ మాటలు ఉండవు. బతికి బయటపడితే శుక్రవారం నాటికి ఒక్క కూత పంపుతుంది. పంపకపోతే కాలిపోయినట్టే.

అది చదివాక అతనికి కూడు సహించలేదు. యంత్రం సంగతి వాళ్లు చూసుకుంటారు. అందులో ఉన్నది ఆనందకుమారి పేరు. సరదాగా పంపాడు గానీ, అంత నిప్పుల్లోకి పంపుతున్నానని ఆరేళ్లలో ఒక్కసారైనా అనుకున్నాడా? అది కాలిపోతే అతను చెప్పిన ఒకే ఒక్క నిజం దానితోపాటు కాలిపోతుంది. నాలుగు గేర్ల అబద్ధమూ ఇదీ ఒకటేనని ఆవిడ చివరిదాకా అనుకుంటూనే ఉంటుంది. ఆ ఊహకు ప్రకాశానికి నిజంగా ఏడుపు వచ్చింది.

మైకులో మాట్లాడే హక్కు లేదు కాబట్టి, చర్చిలో ప్రార్థన విన్నపాల పుస్తకంలో రాశాడు. ఇరవై రెండో తేదీ ఆదివారం ఫేబీ ఆ పుస్తకం తెరిచి, ఎవరు రాశారో చూసుకోకుండా గొంతు సవరించుకుని చదివింది.

"నాలుగో విన్నపము. ఆనందకుమారి టీచర్ గారు మంగళవారం సాయంత్రం అయిదు గంటల ఇరవై మూడు నిమిషాలకు గొప్ప అగ్ని గుండా వెళ్తున్నారు. మూడు రోజులు మాటా పలుకూ ఉండదు. క్షేమంగా దాటునట్లు ప్రార్థించండి."

చర్చంతా గతుక్కుమంది. అందరి తలలూ రెండో వరసలో చేతిరుమాలుతో విసురుకుంటున్న ఆనందకుమారి వైపు తిరిగాయి. వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్లు అప్పుడే ముక్కులు ఎగబీల్చారు. "టీచర్, ఆపరేషనా? నెల్లూరా, చెన్నపట్నమా?" అని ఫేబీ మైకులోనే అడిగేసింది. ఆనందకుమారి నెమ్మదిగా వెనక్కి తిరిగి, ఆంప్లిఫయర్ చాటున తల దాచుకుంటున్న మొగుణ్ని చూసింది.

ఆరాధన అయ్యాక పందిరి కింద పంచాయితీ జరిగింది. ఊళ్లో డీజే బాక్సులు పెట్టుకున్న కిషోర్ బాబు కూడా వచ్చి నిలబడ్డాడు. చర్చి పని తనకు రావాలని రెండేళ్లుగా కాచుకుని ఉన్నవాడు.

"ఏమండీ, ఆ యంత్రం మళ్లీ పలుకుతుందా?" అంది ఆనందకుమారి.

"పలుకుతుంది. శుక్రవారం."

"శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసేలోగా పలికిందని రెండు సాక్ష్యాలు వస్తే, నేను అందరి ముందర మీ మైకులో నిలబడి, ఈయన చెప్పింది నిజమేనని చెప్తాను. రాకపోతే చర్చి పని కిషోర్‌కి. మీరు మైకు సెట్టు మూసేయాల, నా పేరు ఎత్తి ఇంకెక్కడా కతలు చెప్పకూడదు. ఒప్పుకుంటారా?"

ఆవిడ నలభై మూడేళ్లలో ఒక్కసారి కూడా మొగుడి మైకు ముట్టుకోలేదు. బడి వార్షికోత్సవంలో సైతం మైకు పక్కకు నెట్టి గొంతుతోనే మాట్లాడిన మనిషి. అందరూ ప్రకాశం వైపు చూశారు.

"ఒప్పుకుంటా ఉండా" అన్నాడు.

మంగళవారం పొద్దున్నే, నాగులమ్మ రాగి చెంబుతో మిద్దె ఎక్కి సూర్యుడికి నీళ్లు వదలడానికి నిలబడితే, ఇతను పిట్టగోడ పట్టుకుని అవతల నుంచి పిలిచాడు.

"అక్కా, ఇయ్యాల ఆయనతో ఒక మాట చెప్పవా. మా ఆమె పేరు సాయంత్రం ఆయన దగ్గరికి వస్తా ఉంది."

"మీ యేసయ్య ఏమన్నా అనుకుంటాడేమో అబ్బయా."

"సూర్యుణ్ని చేసింది ఆయనే గదక్కా, ఏం అనుకోడులే. నీకు ఈ వైపు పరిచయం జాస్తి."

"సరే, గోత్రం చెప్పు."

"మిషనోళ్లం, మాకు గోత్రం యాడిది?"

"అయితే పేరు ఒక్కటే చెప్తాలే. ఆనందకుమారి, చర్చి వీధి, నాయుడుపేట. చాలా? అబ్బయా, ఆ ఎండకి ఆ యంత్రం కాలిపోదా?"

"ముందర ఒక గొడుగు ఉందక్కా. నాలుగున్నర అంగుళాల మందం. ముందర వైపు నిప్పు, ఎనక నీడ. ఆ నీడలో మన మే నెల కన్నా చల్లన."

"శుక్రవారం ఏం చెప్తాది అది?"

"ఏం చెప్పదు. మేము మైకు కట్టినాక 'హలో చెక్' అంటామే, అట్టా ఒక్క కూత. పాటా మాటా ఏం ఉండదు. మైకు బతికే ఉందని తెలియడానికి అంతే."

నాగులమ్మకు అది బాగా అర్థమైంది. చెంబు ఎత్తి, కళ్లు మూసుకుని, పేరు, వీధి, ఊరు చెప్పి నీళ్లు వదిలింది.

ఆ సాయంత్రం క్రిస్మస్ కోసం చర్చి మీద గొట్టాలు కడుతూ ప్రకాశం తీగ చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. పడమట పొలాల మీద సూర్యుడు దిగిపోతున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారేదాకా అటే చూశాడు. పక్కన తన ఇంటి అరుగు మీద కజ్జికాయలు చుడుతున్న ఆనందకుమారి పైకి చూసి, "టైమెంతండీ?" అని అరిచింది.

"అయిదూ ఇరవై అయిదు!"

ఆవిడ తల ఊపి మళ్లీ చుట్టడంలో పడింది. నాగులమ్మను అడగలేదు. ప్రకాశం అది గమనించే స్థితిలో లేడు.

బుధవారం క్రిస్మస్. చర్చిలో బిర్యానీ విందు. ఆవిడ వడ్డించింది గానీ తినలేదు. గురువారం కాఫీతో సరిపెట్టింది. "ఉపవాసం శుక్రవారం గదా, ఇప్పటి నించేనా?" అని అతను అడిగితే, "మీరు తిన్నారా?" అని ఎదురు అడిగింది. అతనూ తినలేదు. ఇద్దరూ చెరో గదిలో పడుకున్నారు.

శుక్రవారం పదింటికి ప్రార్థన మొదలైంది. నలభై మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. ప్రకాశం ఆంప్లిఫయర్ పక్కన గోడకు ఆనుకుని, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. లోపలి బాక్సు ఒక్కటి చాలు, కానీ ఏదో మొండి ఆశతో పైన గొట్టాలు కూడా కలిపి ఉంచాడు. కిషోర్ బాబు గుమ్మంలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. పదిన్నర అయింది. పదకొండు అయింది. ఫేబీ కీర్తన ఎత్తుకుంది.

కిషోర్ లేచి నిలబడ్డాడు. మొహం చేదు మాత్ర మింగినట్టు ఉంది. ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోతే చర్చి పని అతనిది. ఎవరూ అడగరు. కానీ ఆరో తరగతిలో ఆనందకుమారి దగ్గర సైన్సు చదువుకున్నవాడు. ఆవిడ ఎదుట అబద్ధం నోటికి రాలేదు.

"టీచర్... పలికిందంట."

కీర్తన ఆగిపోయింది.

"ఏం పలికింది?" అంది ఆనందకుమారి. లేవలేదు.

"ఏం లేదు టీచర్. ఒక్క కూత వచ్చిందంట. బాగుండానని."

"హలో చెక్!" అని మూల నుంచి ఒక కేక వినపడింది. ప్రకాశం లేచి నిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని, ఏడుస్తూ నవ్వుతున్నాడు.

ఫేబీ ఊరుకునే రకం కాదు. "ఇది ఒక సాక్ష్యం. అది కూడా యంత్రం పలికిందని. టీచర్ పేరు అందులో ఉందని ఎవరు చూసొచ్చారు? రెండోది ఏది?" అంది.

అది నిజమే. ప్రకాశం నవ్వు ఆగిపోయింది. గిరిబాబును పిలిస్తే గేదె అడ్డం వస్తుంది. సూర్యుడి దగ్గరికి పోయి చూసి వచ్చేవాళ్లు నాయుడుపేటలో ఎవరున్నారు? గోడకు జారగిలబడ్డాడు.

ఆనందకుమారి లేచింది. చీర కుచ్చెళ్లు సర్దుకుని, సంచిలో నుంచి ఒక పాత నోటు పుస్తకం తీసి, మైకు దగ్గరికి వచ్చింది. పిల్లవాడి తల తట్టినట్టు దాన్ని వేలితో తట్టింది.

"హలో... చెక్" అంది.

చర్చి మీది గొట్టాలు ఆ మాటను వీధి పొడవునా మోసుకుపోయాయి.

"అందరికీ వందనాలు. ఈయన చెప్పింది నిజం. నా పేరు అక్కడ ఉంది. రెండో సాక్షిని నేనే." పుస్తకం తెరిచింది. పదకొండో ప్రశ్న కింద మడత పెట్టిన రంగుల కాగితం ఉంది. "ఈయన నా టికెట్టు తెచ్చి చూపించిన మర్నాడే నేను గిరిబాబు దగ్గరికి పోయి, దగ్గర కూర్చుని విచారించినాను. అంతా నిజమేనని అప్పుడే తెలిసింది. ఈ సంగతి ఈయనకి చెప్పొద్దని గిరిబాబు చేత ఒట్టు వేయించుకున్నా."

గిరిబాబు నవ్వు దేని గురించో ప్రకాశానికి ఆరేళ్లకు అర్థమైంది.

"ఆరేళ్లు తెలిసి ఊరుకున్నావా?" అన్నాడు. "మిద్దె మీద అందరూ నన్ను తిడతా ఉంటే నోరు మెదపలేదే!"

"నాలుగు గేర్లు అని చెప్పినప్పుడు నేను మెదిపినానా?" అంది ఆవిడ మైకులోనే. చాపల మీద నవ్వులు గుప్పుమన్నాయి. ఫేబీ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. "నోరు మూసుకుని మెట్లు దిగేసరికి నా ప్రాణం పోయింది నవ్వు ఆపుకోలేక."

ఆవిడ మడత కాగితం విప్పి అతని చేతికి ఇచ్చింది. అతను కళ్లు తుడుచుకుని చదివాడు. తన దగ్గర ఉన్న టికెట్టు లాంటిదే, అదే రంగు, అదే బొమ్మ. తేదీ మాత్రం ఒక్క రోజు తర్వాతది. పేరు ఉన్న చోట ఆనందకుమారి అని లేదు. జ్ఞానప్రకాశం అని ఉంది.

"పోయినదాన్ని ఊరికే రాకుండా మీ పేరు కూడా ఎక్కించి వచ్చినా" అంది. "అంత దూరం నన్ను ఒంటరిగా పంపిస్తారా ఏంది?"

"అంటే ఈ మూడు రోజులు..."

"మీరు కూడా ఆడే ఉండారు. ఒకే గొడుగు కింద. అందుకే నాకూ కూడు పోలేదు."

ప్రకాశానికి చెప్పడానికి ఏమీ దొరకలేదు. నాయుడుపేట చరిత్రలో అది మొదటిసారి. ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మైకు ఆపేయాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. చర్చి మీది గొట్టాలు ఈ కబురంతా వీధికి వినిపిస్తూనే ఉన్నాయి.

పక్కింటి మిద్దె మీద నుంచి నాగులమ్మ కేక కిటికీలో నుంచి దూసుకొచ్చింది.

"ఓ టీచరమ్మా! ఇద్దరూ పోయినారని ముందే చెప్పొద్దా? నేను ఒక్క పేరుకే నీళ్లు వదిల్తిని గదా!"